నిలబడి చూసి పోయినవాడు

కరీంనగర్,
జులై 6.

చిరంజీవి నరేశ్‌కు, అక్క రాస్తున్నది.

నిన్ను ఆదిలాబాద్‌లో దించి వచ్చి వారం దాటింది. ఆ సెంటర్‌లో నీ ఫోన్ తీసుకొని కవర్లో పెట్టి పైన పేరు రాస్తూ, "మందు మానేదాక ఉత్తరాలే అమ్మా, ఆదివారం ఆదివారం ఇస్తం" అన్నాడు అక్కడి గుమాస్తా. పదో తరగతి తర్వాత నేను ఎవరికీ ఉత్తరం రాయలేదు. ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షల రిపోర్టులు రాయడమే నాకు అలవాటు. ఇది కూడా అలాగే ఉంటుంది. ఏమనుకోకు.

నేను బాగున్నాను. మీ బావ మస్కట్ నుంచి శుక్రవారం శుక్రవారం ఫోన్ చేస్తున్నాడు. నీ కుక్క మోతి మొదటి రెండు రోజులు ఏమీ ముట్టలేదు. మూడో రోజు పెరుగన్నం తిన్నది. నాలుగో రోజు నా చెప్పు తిన్నది.

తిప్పకపోతే ఇల్లు పాడు చేస్తుందన్నావు కాబట్టి రోజూ పొద్దున ఐదున్నరకు మానేరు డ్యామ్ పార్కుకు తీసుకుపోతున్నాను. కుక్కలంటే నాకు పడదని నీకు తెలుసు. గేటు దగ్గర రాయమల్లు అనే వాచ్‌మన్ ఆపి, "కుక్కకు లోపల మనా ఉంది, కట్ట మీద తిప్పుకో" అన్నాడు. ఆ మాట నాకూ నచ్చింది. కట్ట మీద ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క కింద ఊరు. పోలీసు కొలువు కోసం ఉరికే పిల్లలు, బొజ్జ తగ్గించుకునే ఉద్యోగులు, ఇయర్‌ఫోన్లు పెట్టుకొని ఒంటరిగా నవ్వుకునేవాళ్ళు. ఒకాయన మంచు దేశం కుక్కను తెస్తాడు. అది రొప్పుతుంటే సీసాతో నీళ్ళు చల్లుతాడు.

ఒక సంగతి చెప్పాలి. మోతిని గుర్తుపట్టి నలుగురైదుగురు అడిగారు, "నరేశ్ సార్ ఏడి?" అని. మస్కట్‌లో ఉన్నాడు, మా ఆయన దగ్గరికి పోయిండు అని చెప్పాను. నీ పరువు కోసమని అనుకున్నాను గానీ, నా పరువు కూడా ఉంది అందులో. వచ్చాక నువ్వూ అదే మాట మీద ఉండు.

అక్క,
పద్మలత

*

ఆదిలాబాద్,
జులై 14.

అక్కకు,

ఉత్తరం అందింది. మస్కట్ అయితే మస్కటే. అక్కడ పాస్‌పోర్టు తీసుకుంటారు, ఇక్కడ ఫోన్ తీసుకున్నారు.

పొద్దున ఐదింటికి లేపుతారు. యోగా, ఆ తర్వాత జొన్న రొట్టె, పప్పు. పదింటికి అందరం గుండ్రంగా కూర్చోవాలి. ఒక్కొక్కరు లేచి తమ కథ చెప్పాలి. నేను ఇంకా చెప్పలేదు. నా గదిలో వెంకటి అని ఖానాపూర్ రైతు ఉన్నాడు. ఆయన మూడుసార్లు చెప్పాడు, మూడుసార్లూ వేరేవేరేగా చెప్పాడు. చేతులు వణుకుతాయని నా చేత గుండీలు పెట్టించుకుంటాడు. మైదానం ఉంది గానీ నేను ఉరకడం లేదు. స్కూల్లో ఆటల సారునని ఎవరికీ చెప్పలేదు.

మోతి గురించి. తాడును మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకో. నెమ్మదిగా ఉందని నమ్మకు, కొంగ కనపడితే ఒక్కసారిగా దూకుతుంది. గేటు దాటాక కుడికి తిరిగి తూముల వైపు పో. ఎడమకు, నీళ్ళలోకి మెట్లున్న వైపు వద్దు. అక్కడ పాచి ఉంటుంది.

నరేశ్

*

కరీంనగర్,
జులై 29.

చిరంజీవి నరేశ్‌కు,

నువ్వు వద్దన్న వైపే మోతి నన్ను లాక్కుపోయింది. రెండు చుట్లు చుట్టుకున్నందుకు మణికట్టు వాచింది.

మెట్ల దగ్గర బెంచీ మీద ఒక పెద్దమనిషి కూర్చొని ఉన్నాడు. కుక్కను చూడగానే రెండు కాళ్ళూ చేతులతో ఎత్తి బెంచీ మీద పెట్టుకున్నాడు. ఏమీ అనదు, మంచి కుక్కే అన్నాను. "కుక్క మంచిదే కావచ్చు చెల్లె, నా కాలే మంచిగ లేదు" అన్నాడు.

పేరు సాంబయ్య. ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాడు. ఇరవై ఎనిమిదేళ్ళు జగిత్యాల రూటు, తన తప్పుతో ఒక్క ప్రమాదం లేదు. కర్ర పట్టుకొని నడుస్తాడు. నాకూ మోకాలు నొప్పి కాబట్టి ఆయన నడక నాకు సరిపోయింది. ఇప్పుడు రోజూ కలిసే నడుస్తున్నాం. మోతిని ఆయనకు దూరంగా, నాకు అవతలి పక్క పట్టుకుంటాను. దానికి మొదట ఓపిక ఉండేది కాదు. ఇప్పుడు నాలుగు అడుగులకోసారి ఆగి మాకోసం చూస్తున్నది.

దారంతా రోడ్డు సంగతులే చెబుతాడు. ఏ మలుపు దగ్గర ఎవరి బర్రెలు అడ్డం వచ్చేవో ఇప్పటికీ గుర్తున్నాయి. ఈ ఊరికి వచ్చి పదహారేళ్ళయింది, పొద్దున్నే ఒక మనిషితో మాట్లాడుకుంటూ నడవడం ఇదే మొదలు.

గుండ్రంగా కూర్చున్నప్పుడు లేచి చెప్పావా?

అక్క

*

ఆదిలాబాద్,
ఆగస్టు 9.

అక్కకు,

ఇంకా చెప్పలేదు. వానలు బాగా పడుతున్నాయి. కిటికీలోంచి పత్తి చేను కనపడుతుంది.

ఆ పెద్దమనిషికి కాలికి ఏమైందట? ఎప్పటి నుంచి కర్ర పట్టుకున్నాడు? ఊరికే అడుగుతున్నాను. వీలైతే కనుక్కొని రాయి.

నరేశ్

*

కరీంనగర్,
ఆగస్టు 24.

చిరంజీవి నరేశ్‌కు,

డ్యామ్ నిండుతున్నది. ఆదివారం ఊరంతా కట్ట మీదే. మక్క కంకులు కాల్చే పొగ, సెల్ఫీలు. ఆ గుంపులో నడవలేక నేనూ సాంబన్నా బెంచీ మీదే కూర్చున్నాం. నువ్వు అడగమన్నావని అడిగాను. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"జనవరిల. పొగమంచు. నేను మెట్ల మీద నిలబడి నీళ్ళు సూత్తున్న. ఎన్కనించి ఓ కుక్క అచ్చి కాళ్ళల్ల పడ్డది. కొంగల కోసం ఉరికినట్టుంది. నాలుగు మెట్లు దొర్లిన. తుంటి ఇరిగింది. కుక్క మీద నాకు కోపం లేదు చెల్లె. దానికేం తెల్సు? దాని ఎనుక ఒకడచ్చిండు. ఎర్ర కోటు ఏసుకున్నడు. పై మెట్టు మీద నిలబడ్డడు. నన్ను సూసిండు. నేను చెయ్యి లేపిన. ఆడు నిలబడి సూసి పోయిండు."

మళ్ళీ ఆయనే అన్నాడు. "తుంటికి రాడ్ ఏసిన్రు, అతుక్కున్నది. గా నిలబడి పోయిందే అతుక్కుంటలేదు."

నాలుగు నెలలు మంచంలోనే ఉన్నాడట. ఏటా హనుమాన్ జయంతికి ఇక్కడి నుంచి కొండగట్టుకు కాలినడకన పోయేవాడు, ఇరవై రెండేళ్ళు వరుసగా. ఈసారి కొడుకు కారులో తీసుకుపోతానంటే వద్దన్నాడట. కారులో పోతే అది మొక్కు కాదన్నాడు.

నేనేమీ అనలేదు. అనడానికి ఏముంది.

అక్క

*

ఆదిలాబాద్,
సెప్టెంబర్ 1.

అక్కకు,

మోతిని ఇక డ్యామ్‌కు తీసుకుపోకు. ఇంటి దగ్గర స్కూలు మైదానం ఉంది కదా, అక్కడ తిప్పు. ఆయనతో నడవడం కూడా మానెయ్యి. కారణం అడగకు.

నరేశ్

*

కరీంనగర్,
సెప్టెంబర్ 11.

నరేశ్‌కు,

స్కూలు మైదానంలో వీధి కుక్కలు ఇరవై దాకా ఉన్నాయి. అక్కడికి పోతే మోతి తిరిగిరాదు.

నేను ఎటు నడవాలో, ఎవరితో మాట్లాడాలో నాలుగు గీతల్లో రాసి పంపితే నేను వినాలా? ఆ కుక్కను నా ఇంట్లో వదిలింది నువ్వు. పొద్దున లేవడం నేర్పింది నువ్వు. నీకు ఏదైనా తెలిస్తే రాయి. తెలియకపోతే నా నడక జోలికి రాకు.

మోతికి టీకా వేయించాను.

పద్మలత

*

ఆదిలాబాద్,
సెప్టెంబర్ 28.

అక్కకు,

నీ ఉత్తరం వచ్చి పది రోజులు దాటింది. మూడుసార్లు రాసి చింపేశాను. నిన్న పొద్దున గుండ్రంగా కూర్చున్నప్పుడు లేచి ముందు అక్కడ చెప్పాను. అక్కడ చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ఎర్ర కోటు నాది. స్కూలు వాళ్ళు ఆటల పోటీలప్పుడు ఇచ్చిన జాకెట్.

ముందురోజు తాగింది ఇంకా దిగలేదు. అయినా పొద్దున ఉరికితే తాగుడు లెక్కలోకి రాదని నాకొక నమ్మకం ఉండేది. అందుకే రోజూ ఉరికేవాణ్ణి. మోతి తాడు చేతిలో ఉందనే అనుకున్నాను. లేదు. అది పొగమంచులోకి పోయింది. మనిషి పడ్డ చప్పుడు వినిపించింది. పోయి పై మెట్టు మీద నిలబడ్డాను. ఆయన కింద ఒక పక్కకు ఒరిగి పడి ఉన్నాడు. చెయ్యి లేపాడు.

ఎంతసేపు నిలబడ్డానో చెప్పగలను. పిల్లల పరుగు కొలిచి కొలిచి నాకది అలవాటు. ఇరవై సెకన్లు. అంతసేపట్లో నేను అనుకున్నవి ఇవీ: దగ్గరికి పోతే నా నోటి వాసన తెలుస్తుంది. పోలీసులు వస్తారు. స్కూల్లో తెలుస్తుంది. అవతలి నుంచి ఇద్దరు ఉరికొస్తున్న అడుగుల చప్పుడు వినపడింది. వాళ్ళు చూసుకుంటారులే అనుకున్నాను. మోతిని పట్టుకొని వచ్చేశాను. జాకెట్‌ను దారిలోనే చెత్తబండిలో వేశాను.

ఆ తర్వాత నేను ఎందుకంత తాగానో నీకు తెలియదు. కొలువు పోయినందుకని అనుకున్నావు. కొలువు మార్చిలో పోయింది. ఇది అంతకు ముందటిది.

ఆయన బతికి ఉన్నాడో లేడో కూడా అప్పటిదాకా నాకు తెలియదు. నీ జులై ఉత్తరం చూసి ఆయనేనేమో అనుకున్నాను, ఆగస్టు ఉత్తరంతో తేలింది. ముందు సంతోషమేసింది. తర్వాత భయమేసింది.

నరేశ్

*

కరీంనగర్,
అక్టోబర్ 8.

నరేశ్‌కు,

ఉత్తరం చదివాను. చదివి మోతికి అన్నం పెట్టాను. డ్యూటీకి పోయాను.

నేనూ ఒకటి దాచాను. సాంబన్న ఎర్ర కోటు అన్న రోజు ఇంటికి వచ్చి నీ బీరువా తెరిచి చూశాను. జాకెట్ లేదు. లేనందుకు సంతోషపడ్డాను. ఏమైందని నిన్ను అడగలేదు. అడగకుండా ఉండటానికే ఆ ఉత్తరం చివర "అనడానికి ఏముంది" అని రాశాను.

వారం నుంచి డ్యామ్‌కు పోవడం లేదు. మోతి గుమ్మం దగ్గర కూర్చొని చూస్తున్నది.

మీ బావకు ఏమీ చెప్పలేదు. ఆయన మాత్రం నీకోసం ఒక కొలువు చూశాడు. మస్కట్‌లో ఒక జిమ్ములో. నవంబర్‌లో వీసా వస్తుందట. నేను అందరికీ చెప్పిన అబద్ధాన్ని నువ్వు నిజం చేయొచ్చు. సంగతి నీకు చేరవేయాలి కాబట్టి రాశాను. నా మాటగా ఏమీ లేదు.

పద్మలత

*

కరీంనగర్,
అక్టోబర్ 20.

నరేశ్‌కు,

దసరా మర్నాడు డ్యామ్‌కు పోయాను. మోతిని తీసుకుపోలేదు. సాంబన్న బెంచీ మీదే ఉన్నాడు. నన్ను చూసి, "పదిహేను రోజులాయె. జరం గిట్ల అచ్చిందేమో అని ఫికర్ అయింది. ఇల్లు ఎర్కలేదాయె" అన్నాడు. జేబులోంచి జమ్మి ఆకు తీసి నా చేతిలో పెట్టాడు. ముందురోజు నుంచి నాకోసం జేబులో ఉంచుకున్నాడట. ఆయన కాళ్ళు మొక్కాలి నేను, చిన్నదాన్ని కాబట్టి. మొక్కలేకపోయాను.

చెప్పేశాను. ముందు మస్కట్ సంగతి చెప్పాను, అది అబద్ధమని. తర్వాత ఆదిలాబాద్ సంగతి. తర్వాత జాకెట్ సంగతి. ఆయన నీళ్ళ వైపే చూస్తూ విన్నాడు.

చివరికి అన్నాడు: "నీకెప్పుడు ఎర్కయింది?"

"తమ్ముడు రాసి పంపింది పదిహేను రోజుల కింద. అనుమానం ఆగస్టు నుంచి ఉంది అన్నా."

"ఆగస్టు నుంచి నాతోని నడిచినవ్."

అవునన్నాను. నా తమ్ముడు మాఫీ అడుగుతున్నాడని చెప్పబోయాను. నువ్వు ఆ మాట రాయలేదు, నేనే కలిపి చెప్పబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"మాఫీ నీతోని పంపుడేంది? ఓసారి కొడిమ్యాల కాడ సైకిల్ మీద పోయేటోడు నా బస్సు ముంగటికి అచ్చి పడ్డడు. నా తప్పు లేదు. జనం కొడ్తానికి ఉరికచ్చిన్రు. నేను దిగి ఆన్ని ఎత్తి బస్సులేసుకొని దవాఖానకు తీస్కపోయిన. అంగీ చినిగింది, రెండు దెబ్బలు పడ్డయి. పోలే నేను. నీ తమ్మున్ని అచ్చి నా ముంగట నిలబడుమను. ఏమన్న అనేది ఉంటే అప్పుడంట."

కర్ర పట్టుకొని లేచాడు. నేనూ లేచాను. "ఇయ్యాల ఒక్కన్నే పోత" అన్నాడు.

ఆ తర్వాత రెండుసార్లు దూరం నుంచి చూశాను. మా బెంచీ మీద కాదు, తూముల దగ్గర కూర్చుంటున్నాడు. ఆయన తలకాయ ఊపితే నేనూ ఊపాను. అంతే.

పద్మలత

*

ఆదిలాబాద్,
నవంబర్ 4.

అక్కకు,

ఇక్కడ చలి మొదలైంది. పత్తి ఏరుతున్నారు. పదిహేనో తారీఖున నన్ను పంపిస్తారు. నూటముప్పై రోజులయింది ముట్టక. వెంకటి మొన్న ఇంటికి పోయాడు. గుండీలు తనే పెట్టుకొని పోయాడు.

బావ చూసిన కొలువు గురించి వారం ఆలోచించాను. ఇక్కడి నుంచి నేరుగా హైదరాబాద్ పోయి విమానం ఎక్కొచ్చు. కరీంనగర్ రానక్కర లేదు. నేను మారిన మనిషినని నన్ను నేను ఒప్పించుకోవడానికి అది మంచి దారి. కానీ అది కూడా పై మెట్టు మీద నుంచి వెనక్కి తిరగడమే. బావకు వద్దని చెప్పు. ఎందుకో నేనే తర్వాత చెప్పుకుంటాను.

నువ్వు ఆయనకు చెప్పినందుకు నాకు కోపం లేదు. నీకు ఆ నడక పోయింది. అది నావల్లే.

వస్తాను. నువ్వు ఆయన దగ్గరికి నాతో వస్తావా?

నరేశ్

*

కరీంనగర్,
నవంబర్ 9.

నరేశ్‌కు,

రాను. నన్ను రక్తపరీక్షల క్యాంపు కోసం మూడు వారాలు ఆసిఫాబాద్‌కు వేశారు. పన్నెండో తారీఖున పోతున్నాను. అడిగితే మార్పించుకోవచ్చు. అడగలేదు.

తాళం పై వాటాలో జమున దగ్గర ఉంటుంది. అంతదాకా మోతికి అన్నం ఆమే పెడుతుంది. నీ మంచం మీద దుప్పట్లు ఉతికి పెట్టాను. ఆయన ఆరింటికల్లా కట్ట మీద ఉంటాడు. తూముల వైపు, నీళ్ళ దిక్కు మొహం పెట్టి. మొదటిసారి పోయేటప్పుడు కుక్కను తీసుకుపోకు. ఆయన ఏం అంటాడో నాకు తెలియదు. ఏమన్నా విని రా.

అక్క

*

కరీంనగర్,
నవంబర్ 25.

అక్కకు,

ఆసిఫాబాద్ క్యాంపు ఆఫీసు అడ్రసుకు రాస్తున్నాను. ఫోన్ చేతికి వచ్చింది గానీ ఇది ఫోన్‌లో చెప్పడం నాకు చేతకాదు.

పదహారున పోలేదు. పదిహేడున పోయి గేటు దగ్గర నుంచే వెనక్కి వచ్చాను. పద్దెనిమిదిన పోయాను.

ఆయన ముందు నిలబడి, "కాకా, నేను నరేశ్‌ను. పద్మలతక్క తమ్మున్ని" అన్నాను. కూర్చోబోతుంటే, "కూసోకు. నిలబడే చెప్పు" అన్నాడు. చెప్పాను. పక్క నుంచి జనం నడుస్తూనే ఉన్నారు. నేను ఒకప్పుడు ఉరికించిన పిల్ల ఒకతి "గుడ్ మార్నింగ్ సార్" అంటూ పోయింది. నా గొంతు తగ్గింది. "ఇనపడ్తలేదు" అన్నాడు. గట్టిగా చెప్పాను.

"ఎంతసేపు నిలబడ్డవ్?"

"ఇరవై సెకన్లు."

"నాకు శానసేపనిపించింది."

మళ్ళీ ఆయనే అన్నాడు. "నీ మొఖం నేను సూడలే. కోటే సూసిన. మంచం దిగినప్పటి సంది గీ కట్ట మీద ఎర్ర కోటు ఎవడేసుకున్నా ఆన్నే సూసుకుంట కూసున్న. ఎందర్ని అనుమానపడ్డనో. పాపం, వాళ్ళేం జేసిన్రు. ఇగ సూసే పని లేదు."

నేను తల వంచుకున్నాను. "మాఫీ జేస్తననుకోకు" అన్నాడు.

"అనుకుంటలేను కాకా."

"మరెందుకచ్చినవ్?"

"మీరు నిలబడుమన్నరు గదా."

కర్ర ఆనించి లేచాడు. నేను చెయ్యి చాపితే పట్టుకోలేదు. నాలుగడుగులు వేశాక ఆగి, వెనక్కి చూడకుండానే, "మా కొడుకు ఒక్కన్ని దూరం పోనిస్తలేడు. రేపు ఆరింటికి రా" అన్నాడు.

వారం రోజులుగా పోతున్నాను. ఆయన ముందు, నేను అర అడుగు వెనుక. ఒక్క మాట మాట్లాడడు. నేనూ మాట్లాడను. నేను నాలుగు నిమిషాల్లో ఉరికే దూరానికి మాకు అరగంట పడుతుంది. పోలీసు కొలువు పిల్లలు రెండు వైపుల నుంచీ దాటిపోతుంటారు. మొదట్లో కాళ్ళు ఆగేవి కావు. ఇప్పుడు ఆ నడక పట్టుబడింది.

నీ గురించి ఒకే ఒక్కసారి అడిగాడు, నిన్న. "అక్క ఎప్పుడస్తది?" అని. డిసెంబర్ మొదట్లో అన్నాను. "రమ్మను" అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, నువ్వు ఏదీ కలుపుకోకు.

ఈ రోజు పొద్దున తూములు దాటాక ఆయనకు ఆయాసం వచ్చింది. అక్కడ బెంచీ లేదు. ఆగి, అటూ ఇటూ చూసి, నా జబ్బ పట్టుకున్నాడు. కిక్కిరిసిన బస్సులో నిలబడ్డవాళ్ళు పక్కనున్న కడ్డీని పట్టుకుంటారే, అట్లా. నా మొహం చూడలేదు. నేను కదలకుండా నిలబడ్డాను. ఊపిరి అందాక తనే చెయ్యి తీసేసి, కర్ర సర్దుకొని, ముందుకు నడిచాడు. నేనూ నడిచాను.

తమ్ముడు,
నరేశ్